యుద్ధములను లెక్క అడిగిన పండితుడు - హాన్స్ డెల్‌బ్రూక్

యుద్ధమును గూర్చి మానవుడు చెప్పుకొన్నన్ని అతిశయోక్తులు మరి దేనిని గూర్చియు చెప్పుకొనలేదు. గెలిచినవాడు తన బలమును తగ్గించి, ఓడినవాని బలమును పెంచి చెప్పును. ఓడినవాడు దైవమునో, ద్రోహినో నిందించును. వీరగాథ పాడువాడు పదిని నూరుగను, నూరును వేయిగను చేయును. తరములు గడచిన కొలది ఆ వేయి లక్షయగును. గ్రంథమున కెక్కిన పిదప ఆ లక్షయే చరిత్రయను పేర చెల్లుబడి యగును. అట్టి చెల్లుబడికి అడ్డు నిలిచి, ఇంత సైన్యము ఏ దారిన నడచినది, ఏమి తిన్నది, ఏ మైదానమున నిలువ గలిగినది అని అడిగిన పండితుడు జర్మను దేశీయుడగు హాన్స్ డెల్‌బ్రూక్. ఆయన అడిగినది చిన్న ప్రశ్న. దానికై ఆయన చెల్లించిన మూల్యము చిన్నది కాదు.

డెల్‌బ్రూక్ 1848 నవంబరు 11వ తేదీన బాల్టిక్ సముద్రమునందలి ర్యూగెన్ ద్వీపములో, బెర్గెన్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి న్యాయాధికారి. తల్లి బెర్లిన్ విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రము బోధించిన ఆచార్యుని కుమార్తె. హైడెల్‌బర్గ్, గ్రైఫ్స్‌వాల్డ్, బాన్ విశ్వవిద్యాలయములలో ఆయన చరిత్ర నభ్యసించెను. చదువు సాగుచుండగనే 1870లో ప్రష్యాకును, ఫ్రాన్సునకును యుద్ధము సంభవించెను. విద్యార్థి సైనికుడాయెను. గ్రావెలాట్ వద్ద జరిగిన మహాసంగ్రామములో పాల్గొనెను. పిదప జ్వరపీడితుడై కొంతకాలము మంచము పట్టెను. యుద్ధమును పుస్తకములలో చదువుటకు ముందే కన్నులార చూచుట ఆయన జీవితమున మొదటి పాఠము.

యుద్ధానంతరము మరల విద్యకు మరలి, 1873లో బాన్ విశ్వవిద్యాలయమున జీబెల్ అను ప్రసిద్ధాచార్యుని శిష్యుడుగా డాక్టరు పట్టము పొందెను. ఆయన సిద్ధాంత వ్యాసమునకు విషయము హెర్స్‌ఫెల్డ్‌కు చెందిన లాంబర్టు అను పదునొకండవ శతాబ్దపు సన్న్యాసి వ్రాసిన చరిత్ర. లాంబర్టు శైలి మనోహరమైనది. ఆ కారణమున ఆతని మాటను తరతరములుగా పండితులు నమ్ముచు వచ్చిరి. శైలి అందము సత్యమునకు సాక్ష్యము కాదని ఆ యువకుడు నిరూపింప బూనుకొనెను. ఆధారములను శోధించి గాని అంగీకరింపని ఈ స్వభావము ఆయనను కడవరకు వీడలేదు.

1874లో రెండు సంఘటనలు ఆయన మార్గమును నిర్ణయించెను. మొదటిది: ప్రష్యా యువరాజు ఫ్రెడరిక్ తన కుమారుడగు వాల్డెమార్‌కు డెల్‌బ్రూక్‌ను ఉపాధ్యాయునిగా నియమించెను. ఆ రాజగృహమున ఆయన అయిదు సంవత్సరములుండెను. సేనానుల సంభాషణలు వినుటకును, వారిని ప్రశ్నించుటకును అక్కడ అవకాశము లభించెను. 1879లో ఆ బాలుడు పదునొకండేండ్ల ప్రాయముననే కంఠరోగముతో మరణించుటచే ఆ కొలువు ముగిసెను. రెండవది: సైనికాభ్యాసమునకై వెళ్లిన కాలమున రూస్తోవ్ అను రచయిత పదాతిసైన్యమును గూర్చి వ్రాసిన గ్రంథము ఆయన చేతికి వచ్చెను. యుద్ధము చేయు విధానమునకు కూడ ఒక చరిత్ర కలదనియు, అది రాజ్యముల చరిత్రతో పెనవేసికొనియున్నదనియు ఆ గ్రంథము ఆయనకు తోపింప జేసెను. తన జీవితకార్య మేదో ఆనాడే తేలెను.

నెపోలియనుపై పోరాడిన ప్రష్యా సేనాని నైజనౌ జీవితచరిత్రను పెర్ట్స్ అను పండితు డారంభించి, పూర్తి చేయకయే కన్నుమూసెను. ఆ కార్యభారము డెల్‌బ్రూక్‌కు సంక్రమించెను. మిగిలిన సంపుటములను ఆయన 1880లో ముగించి, 1882లో నైజనౌ చరిత్రను తానే స్వతంత్రముగా రెండు సంపుటములలో వెలువరించెను. ఆ పని సాగుచుండగా ఒక సందేహము ఆయనను వేధించెను. నెపోలియనును, నైజనౌయును శత్రుసైన్యమును ఒక్క దెబ్బతో కూల్చుటకే ఎల్లప్పుడు యత్నించిరి. ఆ కాలముననే ఉండిన వెలింగ్టన్, ఆస్ట్రియా యువరాజు చార్లెస్ మున్నగువారు అట్లు చేయలేదు. వీరిని భీరువులనుటకు వీలులేదు. అజ్ఞులనుటకు అంతకంటెను వీలులేదు. అట్లయిన ఈ భేదమునకు కారణమేమి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో ఆయనకు నలువది యేండ్లు గడచెను.

1881లో బెర్లిన్ విశ్వవిద్యాలయమున అధ్యాపకుడై యుద్ధవిద్యా చరిత్రను బోధింప నారంభించెను. ఆ విషయము పండితులకు రుచింపలేదు. వృద్ధుడగు రాంకే ఆ సంకల్పమును మెచ్చలేదు. రోమక చరిత్రకు పెద్దదిక్కయిన మామ్‌సెన్‌కు తన గ్రంథపు మొదటి సంపుటమును సమర్పించినపుడు, దానిని చదువుటకు తనకు తీరిక దొరకదని ఆ మహాపండితుడు ముఖము మీదనే చెప్పివేసెను. యుద్ధము సైనికుల వ్యవహారము, విశ్వవిద్యాలయమున దానికేమి పని అని ఆచార్యులు తలచిరి. అది ఖడ్గము పట్టినవాని వ్యవహారము, కలము పట్టినవానికి దానితో నేమి పని అని సేనాధికారులు తలచిరి. రెండు వాకిళ్లలోను ఆయనకు స్వాగతము లేకపోయెను. ఆచార్య పీఠమును పొందుటకు ఆయన చిరకాలము వేచియుండవలసి వచ్చెను. కడకు 1890వ దశకపు నడుమ, ట్రైట్‌ష్కే అధిష్ఠించిన పీఠము ఆయనకు దక్కెను.

ఆయన మహాగ్రంథము పేరు రాజకీయ చరిత్ర చట్రమున యుద్ధకళా చరిత్ర. మొదటి సంపుటము 1900లోను, నాలుగవది 1920లోను వెలువడెను. గ్రీకుల పర్షియను యుద్ధములతో ఆరంభమై నెపోలియను కాలము వరకు సాగిన ఈ రచనలో ఆయన అనుసరించిన పద్ధతి మిక్కిలి సులభముగా కనిపించును. ప్రాచీన రచయిత చెప్పిన దానిని ఇతర రచయితల మాటతో పోల్చిచూచుట అంతకు మున్నే వాడుకలో నుండెను. డెల్‌బ్రూక్ దానికి మరియొక పరీక్షను జోడించెను. చెప్పబడిన విషయము ప్రకృతిలో సాధ్యమా అని భూమిని, దారిని, ఆహారమును, ఆయుధపు బరువును, మనుష్య శరీరపు శక్తిని సాక్షులుగా పిలిచి విచారించెను.

ఇందులకు మిక్కిలి ప్రసిద్ధమైన ఉదాహరణము పారశీక చక్రవర్తి జెర్‌క్సీజ్ దండయాత్ర. క్రీ. పూ. 480లో ఆయన గ్రీసుపై నడిపించిన భూసైన్యము పరివారముతో కూడ 42 లక్షలని హెరొడోటసు లెక్క. మన భారతమునందలి పదునెనిమిది అక్షౌహిణులలోని రథగజతురగపదాతుల నన్నిటిని కూడినను 39,36,600 మాత్రమే యగును. కావ్యమును వినువాడు ఆ సంఖ్యకు లెక్క అడుగడు, అడుగనక్కరలేదు. చరిత్రను చదువువాడు అడుగవలెను. డెల్‌బ్రూక్ అడిగెను. 30,000 మంది గల ఒక జర్మను సైనిక విభాగము క్రమముగా నడచినచో, సామాను బండ్లు లేకయే సుమారు 22 కిలోమీటర్ల పొడవున దారిని ఆక్రమించును. 42 లక్షలనగా అట్టి విభాగములు 140. వాని వరుస 3,000 కిలోమీటర్లను మించును. ముందు నడచువాడు థెర్మొపిలీ కనుమను చేరునప్పటికి, కడపటివాడు టైగ్రిసు నది కావలనున్న సూసా నగరమును అప్పుడప్పుడే విడుచుచుండును. ఈ ఒక్క గుణకారముతో రెండువేల యేండ్ల కథ కుప్పకూలెను.

హూణరాజు అట్టిలా ఏడు లక్షల సైన్యముతో రైను నదిని దాటి ఫ్రాన్సునందలి షాలోను మైదానమును చేరెనను కథను కూడ ఆయన ఇట్లే పరీక్షించెను. ఆ భూమి మీదనే 1870లో సేనాని మోల్ట్‌కే అయిదు లక్షల మందిని నడుపుటకు రైలుమార్గము లుండియు ఎన్ని యిక్కట్లు పడెనో ఆ యుద్ధమున పాల్గొనిన డెల్‌బ్రూక్‌కు తెలియును. రైళ్లు లేని దినములలో, అంతకంటె పెద్ద సైన్యమును అట్టిలా ఎట్లు పోషించెను? మారథాను యుద్ధమున ఎథెన్సు వీరులు ఎనిమిది స్టేడియముల దూరము, అనగా సుమారు ఒకటిన్నర కిలోమీటరు, పరుగెత్తి శత్రువును తాకిరని హెరొడోటసు వ్రాసెను. డాలు, శిరస్త్రాణము, కవచము, ఈటె ధరించినవాడు అంతదూరము వరుస చెదరక పరుగెత్తి, ఆపై పోరాడగలడా యని డెల్‌బ్రూక్ ప్రశ్నించెను. అలవాటుపడిన సైనికుడు కూడ అందులో కొద్దిభాగమునకే అలసిపోవునని తేల్చెను.

గ్రీకులు బొంకిరని చెప్పుట ఆయన ఉద్దేశము కాదు. 1887లో ప్రకటించిన గ్రంథమున ఆయన పారశీక యుద్ధముల ప్రక్కన బర్గండీ యుద్ధములను నిలిపెను. 1476లోను, 1477లోను స్విట్జర్లాండు రైతుబిడ్డలు బర్గండీ ప్రభువగు చార్లెసును మూడుమారులు ఓడించిరి. తరువాతి తరముల స్విస్సు రచయితలు ప్రభువు సైన్యమును లక్ష దాటించిరి. అదృష్టవశమున ఆ కాలపు సేనల పట్టికలు, జీతపు లెక్కలు నిలిచియున్నవి. వానిని చూచినచో ఆ సైన్యము అందులో అల్పభాగమని తేలును. స్వాతంత్ర్యమునకై పోరాడిన చిన్నజాతి తన విజయమును తలచుకొను విధానము ఎల్లచోట్ల ఒకటే యని ఆయన ఇట్లు చూపెను. మారథాను కీర్తి సంఖ్యపై ఆధారపడినది కాదని కూడ దీనివలన తెలియుచున్నది.

సంఖ్యలను కూల్చుట వలన ఆయనకు మరియొక ద్వారము తెరచుకొనెను. చిన్నసేన పెద్దసేనను జయించినది శౌర్యాధిక్యము చేతనే యను మాట చాలదని తోచినప్పుడు, కట్టుబాటుగల వరుస విలువ బోధపడును. గ్రీకుల వ్యూహము, రోమకుల దళము, స్విస్సువారి ఈటెల చతురస్రము - ఇవియే ఆయన గ్రంథమునకు వెన్నెముకలు. మధ్యయుగపు అశ్వవీరుడు ఒంటరిగా గొప్ప యోధుడు; కాని పదిమంది యోధులు చేరినంత మాత్రమున సేన కాదు. పొరుగువాని భుజము నమ్మి నిలుచు సామాన్యుడే సేనకు ప్రాణము. ఆ నమ్మకమును కలిగించునది రాజ్యవ్యవస్థ. కావుననే యుద్ధచరిత్రను రాజకీయ చరిత్రనుండి విడదీయరాదని ఆయన సిద్ధాంతము.

క్రీ. పూ. 216లో కానే వద్ద హన్నిబాలు తనకంటె పెద్దదియగు రోమక సైన్యమును నాలుగు దిక్కుల చుట్టుముట్టి నాశనము చేసిన విధమును డెల్‌బ్రూక్ ఎంతయో స్పష్టముగా వర్ణించెను. ఆ వర్ణనను జర్మను సైన్యాధిపతి ష్లీఫెన్ చదివి ముగ్ధుడాయెను. అట్టి ముట్టడియే భావియుద్ధమునకు ఆదర్శమని తలచి కానేపై తానును వ్యాసములు వ్రాసెను. అయితే ఆ సంపుటముననే డెల్‌బ్రూక్ మరియొక విషయమును కూడ చెప్పియుండెను. కానే గెలిచిన హన్నిబాలు రోమును గెలువలేదు. చివరకు క్రీ. పూ. 202లో జామా వద్ద ఆతడే ఓడెను. ఒక పోరును గెలుచుట వేరు, యుద్ధమును గెలుచుట వేరు. మొదటి పుటను శ్రద్ధగా చదివిన సేనానులు తరువాతి పుటను తిరుగవేయలేదు.

సేనానులతో ఆయనకు ప్రత్యక్ష కలహము కలిగించినది ఫ్రెడరిక్ మహారాజును గూర్చిన వాదము. యుద్ధనీతులు రెండు కలవని డెల్‌బ్రూక్ ప్రతిపాదించెను. శత్రుసేనను వెదకి కూలద్రోయుట ఒకటి. పోరును, కదలికను, ముట్టడిని, కాలయాపనను సందర్భానుసారముగా వాడుకొని శత్రువును అలయించి సంధికి తెచ్చుట మరియొకటి. క్లౌజెవిట్సు తన చివరి దినములలో ఈ భేదమును గుర్తించెను. కాని విపులముగా వ్రాయకుండగనే 1831లో మరణించెను. ఫ్రెడరిక్ రెండవ నీతికి చెందినవాడని డెల్‌బ్రూక్ అభిప్రాయము. ఆ రాజు సైనికులలో పెక్కురు జీతమునకు వచ్చినవారు, కన్నుమరుగైనచో పారిపోవువారు. సేన ధాన్యపు కొట్లను విడిచి దూరము పోజాలదు. చచ్చినవాని స్థానమున మరియొకని నిలుపుట బహువ్యయముతో కూడిన పని. అట్టి సాధనములతో నెపోలియనువలె పోరాడుట అసాధ్యము. సప్తవర్ష సంగ్రామమున ఫ్రెడరిక్ మూడు మహారాజ్యముల నెదిరించి నిలిచినది తన సాధనముల మేర తెలిసినవాడగుట చేతనే.

ఈ మాట ప్రష్యా సేనాధికారులకు దూషణముగ తోచెను. గోల్ట్సు, బెర్న్‌హార్డీ మున్నగువారు ఆయనపై విరుచుకుపడిరి. తమ కులదైవమువంటి రాజు కేవలము శత్రువును అలయించినవాడా? డెల్‌బ్రూక్ 1890లో ఎథెన్సు నాయకుడు పెరిక్లీసును ఫ్రెడరిక్‌తో పోల్చుచు ఒక గ్రంథము వ్రాసెను. అందు ప్రతిపక్షుల కొలబద్దనే చేపట్టి, దాని ప్రకారము ఫ్రెడరిక్ మూడవ తరగతి సేనాని యగునని వ్యంగ్యముగ నిరూపించెను. వ్యంగ్యము నర్థము చేసికొనలేని కొందరు అదియే ఆయన అభిప్రాయమని మరింత మండిపడిరి. రెండు దశాబ్దములకు పైగా సాగిన ఈ వాదమునకు మూలమున చిన్న విషయము లేదు. ఒక్క దెబ్బతో కూల్చుటయే సనాతన ధర్మమయినచో సేనానులు రాజనీతిజ్ఞులను అడుగవలసిన పని యుండదు. యుద్ధనీతి కాలమును, రాజ్యమును అనుసరించి మారునదే యయినచో, ప్రతి తరమును తన సాధనములను తాను లెక్కించుకొనవలసియుండును. ఆ లెక్క తప్పినచో రాజ్యమే కూలును.

డెల్‌బ్రూక్ గ్రంథాలయమునకే పరిమితుడు కాలేదు. ప్రష్యా శాసనసభలోను, 1884 మొదలు 1890 వరకు జర్మను పార్లమెంటులోను సభ్యుడుగ నుండెను. 1883 నుండి 1919 వరకు ఒక ప్రముఖ మాసపత్రికకు సంపాదకుడు. రాజభక్తి గలవాడు, దేశాభిమాని, వలసరాజ్యములను కోరినవాడు కూడ. అయినను అన్యాయమును అన్యాయమనుటకు వెనుదీయలేదు. ఉత్తర ష్లెజ్విగ్ ప్రాంతమునందలి డేనిష్ జనులను ప్రభుత్వము వెడలగొట్టుటను ఖండించినందులకు 1899లో ఆయనపై క్రమశిక్షణ చర్య జరిగెను. ఆచార్యుడు మందలింపును, 500 మార్కుల జరిమానాను స్వీకరించెను. అభిప్రాయమును మాత్రము మార్చుకొనలేదు.

1914లో ప్రపంచ సంగ్రామము వచ్చెను. ఫ్రాన్సును ఒక్క ముట్టడితో కూల్చు పథకము సెప్టెంబరులో మార్న్ నదివద్ద విఫలమాయెను. ఆనాటినుండి ప్రతి నెలయు డెల్‌బ్రూక్ తన పత్రికలో యుద్ధగమనమును వివరించుచు వచ్చెను. రహస్యపత్రము లేవియు ఆయనకు అందలేదు. వార్తాపత్రికలు, భూపటములు, రెండువేల యేండ్ల యుద్ధచరిత్ర - ఇవియే ఆధారములు. పడమట కూల్చుట ఇక సాధ్యము కాదనియు, ఇది అలయించు యుద్ధమనియు ఆయన గ్రహించెను. అట్టి యుద్ధమున కత్తికంటె రాజనీతి ముఖ్యము. బెల్జియమును తిరిగి యిచ్చెదమని స్పష్టముగ ప్రకటించినచో శత్రుకూటమి సడలునని ఆయన వాదించెను. 1915లో పరదేశముల నాక్రమింపవలెనని కోరుచు 1,347 మంది ప్రముఖులు ప్రభుత్వమునకు మహజరు సమర్పించిరి. దానికి ప్రతిగా ఆక్రమణలు వలదని డెల్‌బ్రూక్ పక్షము సమర్పించిన మహజరుపై 141 సంతకములే పడెను.

జలాంతర్గాముల నిరంకుశ యుద్ధము అమెరికాను రంగములోనికి దింపునని ఆయన హెచ్చరించెను. 1917 ఫిబ్రవరిలో జర్మనీ దానికే పూనుకొనెను. ఏప్రిలులో అమెరికా యుద్ధము ప్రకటించెను. 1918 మార్చి 21న లూడెండార్ఫ్ పడమటి రంగమున మహాదాడి ప్రారంభించెను. ముందుగా సంధి ప్రస్తావనతో శత్రుజనుల మనస్సును సడలింపక చేయు దాడి వ్యర్థమని డెల్‌బ్రూక్ మతము. దాడి కొంతదూరము సాగి ఆగిపోయెను. ఆయన కుమారుని ఒకనిని ఈ యుద్ధమే బలిగొనెను. 1918 నవంబరు 11న తుపాకులు మౌనము వహించెను. ఆ దినమున ఆచార్యునికి సరిగ డెబ్బది యేండ్లు నిండెను.

ఓడినవాడు ద్రోహిని వెదకునని ఆయన చరిత్రలో పలుమారులు చదివియుండెను. అదియే ఇప్పుడు కన్నులయెదుట జరిగెను. సైన్యము ఓడలేదనియు, స్వదేశీయులే వెన్నుపోటు పొడిచిరనియు ఒక కథ బయలుదేరెను. డెల్‌బ్రూక్ దానిని జెర్‌క్సీజ్ సైన్యమును పరీక్షించినట్లే పరీక్షించెను. పార్లమెంటు నియమించిన విచారణ సంఘము ముందు సాక్ష్యమిచ్చి, 1918 దాడికి తగిన బలము గాని, సరఫరాలు గాని, నిశ్చితమైన గమ్యము గాని లేవని వివరించెను. లూడెండార్ఫ్ స్వీయరచనలను విమర్శించుచు 1922లో ఒక పుస్తకమును ప్రకటించెను. అభిమానము దెబ్బతిన్న జనమునకు లెక్కకంటె కథ తియ్యగా నుండెను. ఆ కథను పెట్టుబడిగా చేసికొని ఎవరు పెరిగిరో, దానివలన ఐరోపా ఏమాయెనో లోకమునకు విదితమే.

తుదిదినములలో ఆయన అయిదు సంపుటముల ప్రపంచ చరిత్రను పూర్తిచేసి, 1929 జూలై 14న బెర్లిన్‌లో కన్నుమూసెను. సంతానములో కడపటివాడగు మాక్స్ డెల్‌బ్రూక్ జీవశాస్త్రమున పరిశోధనలు సలిపి 1969లో నోబెల్ బహుమానమును పొందెను. మరియొక కుమారుడు యూస్టుస్ హిట్లరు నెదిరించినవారిలో చేరి చెరసాల పాలాయెను. తండ్రి బోధించిన నిర్భయత్వము ఆ యింట వ్యర్థము కాలేదు.

డెల్‌బ్రూక్ తీర్పులన్నియు నేడు నిలిచియున్నవని చెప్పరాదు. సంఖ్యలను తగ్గించు ఉత్సాహమున ఆయన కొన్నిచోట్ల మేర మీరెను. మారథానున పారశీకులే గ్రీకులకంటె తక్కువయని ఆయన చెప్పిన మాటను పెక్కురు పండితులు అంగీకరింపరు. ఫ్రెడరిక్‌ను గూర్చిన విభజన కూడ అంత సూటిగా కుదరదని విమర్శకులందురు. కాని ఆయన పద్ధతి ఆయన తీర్పులకంటె గట్టిది. ఆయన తప్పులను దిద్దినవారు సైతము ఆయన త్రాసునే పట్టుకొని దిద్దిరి. 1943లో అమెరికాలో గోర్డన్ క్రెయిగ్ వ్రాసిన వ్యాసము ఆయనను ఆంగ్లపాఠకులకు పరిచయము చేసెను. 1975 తరువాత నాలుగు సంపుటములును ఆంగ్లమున వెలువడెను. విశ్వవిద్యాలయములలో యుద్ధచరిత్రకు నేడు గల స్థానమునకు పునాది వేసినవారిలో ఆయన అగ్రగణ్యుడు.

తరగతి గదిలో ఒక బాలుడు లేచి, ఇంతమందికి అన్న మెవరు వండిరి అని అడిగినచో తోటివారు నవ్వుదురు. డెల్‌బ్రూక్ జీవితమంతయు ఆ ప్రశ్నయే. శత్రువు గొప్పలను పరీక్షించుట అందరికిని సులభము. స్వదేశపు గొప్పలను, స్వకాలపు ఆశలను అదే త్రాసున తూచి, తేలిన లెక్కను జంకక చదివి వినిపించుట కష్టము. ఆ కష్టమును ఆయన కోరి తెచ్చుకొనెను.